కెప్టెన్ స్లోకం చేతిలో ఓడ లేకుండా ఎలా పోయింది?

ప్రపంచాన్ని పడవలో ఒంటరిగా చుట్టి వచ్చిన మొదటి మనిషి ఎవరు? క్విజ్‌లలో అడిగే ప్రశ్నే. జవాబు జాషువా స్లోకం. 1895 ఏప్రిల్ 24న అమెరికాలోని బోస్టన్ నుంచి బయలుదేరాడు. మూడేళ్ళ పైచిలుకు తిరిగి, దాదాపు 46,000 మైళ్ళు ప్రయాణించి, 1898 జూన్ 27న న్యూపోర్ట్ చేరాడు. పడవ పేరు స్ప్రే. పొడవు 36 అడుగుల 9 అంగుళాలు.

బయలుదేరేనాటికి అతనికి 51 ఏళ్ళు. భార్య ఉంది, నలుగురు పిల్లలున్నారు, కుర్రతనం నుంచీ సముద్రాన్నే నమ్ముకున్నవాడు. అలాంటివాడు ఒక్కడే పడవెక్కి ఎందుకు పోయాడు? సాహసం మీద మోజు అనేస్తే సరిపోదు. 1882లో ఇదే మనిషి న్యూయార్క్ రేవులో 233 అడుగుల ఓడకు కెప్టెన్, అందులో మూడో వంతుకు యజమాని. పదేళ్ళు తిరిగేసరికి ఓడా లేదు, ఉద్యోగమూ లేదు. మధ్యలో ఏం జరిగిందో తెలియాలంటే ఆ కాలంలో సరుకు ఓడ కెప్టెన్‌కు డబ్బు ఎలా వచ్చేదో, ఎలా పోయేదో చూడాలి. సాహసగాథగా ఈ కథ చాలామంది చెప్పారు. నాకు జమాఖర్చుల వైపు నుంచి చూడటమే ఎక్కువ ఆసక్తి.

బూట్ల కొట్టు నుంచి కెప్టెన్ గది దాకా

స్లోకం 1844 ఫిబ్రవరి 20న కెనడాలోని నోవా స్కోషియాలో పుట్టాడు. పదకొండు మంది సంతానంలో ఐదోవాడు. వ్యవసాయం గిట్టుబాటు కాక తండ్రి కుటుంబాన్ని బ్రయర్ అనే చిన్న దీవికి మార్చి, జాలర్లకు తోలు బూట్లు కుట్టే పని పెట్టుకున్నాడు. పదేళ్ళ కొడుకుని బడి మాన్పించి కొట్లో కూర్చోబెట్టాడు. పిల్లాడు చాటుగా చెక్కుకుంటున్న బొమ్మ ఓడ కంటపడితే పగలగొట్టాడు. పద్నాలుగేళ్ళకు వాడు చేపల ఓడలో వంటవాడిగా చేరాడు. తన మొదటి వంట చూసి నావికులు తిరగబడి బయటికి గెంటేశారని స్లోకమే తర్వాత రాసుకున్నాడు. 1860లో తల్లి పోయింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఉండాల్సిన పని అతనికి కనిపించలేదు. హాలిఫాక్స్‌లో మామూలు నావికుడిగా ఓడెక్కి డబ్లిన్, అక్కణ్ణుంచి లివర్‌పూల్ చేరాడు.

ఆ రోజుల్లో కెప్టెన్ కావడానికి రెండు దారులుండేవి. ఓడల యజమానుల కుటుంబంలో పుట్టడం ఒకటి. ఓడ ముందు భాగంలో, తడి బట్టలు ఆరని ఇరుకు గదిలో మామూలు నావికుల మధ్య పడుకుని, పరీక్షకు చదివి పైకి రావడం రెండోది. విదేశాలకు వెళ్ళే ఓడల్లో కెప్టెన్‌కూ, అతని కింది అధికారులకూ సర్టిఫికెట్ ఉండాలని బ్రిటన్ 1850లో చట్టం చేసింది. సూర్యుణ్ణి, నక్షత్రాలను కొలిచి ఓడ ఎక్కడుందో లెక్క కట్టడం ఆ పరీక్షలో ముఖ్యమైన భాగం. మూడో నాలుగో తరగతితో చదువు ఆగిపోయిన కుర్రాడు 18 ఏళ్ళకే దాన్ని గట్టెక్కి రెండో మేట్, అంటే కెప్టెన్ కింద రెండో అధికారి, అయ్యాడు. 1865లో శాన్ ఫ్రాన్సిస్కోలో స్థిరపడి అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు. 1869లో తొలిసారి ఓడ అతని చేతికొచ్చింది.

ఆ సంవత్సరాన్ని గుర్తు పెట్టుకోవాలి. అమెరికాను తూర్పు నుంచి పడమరకు కలిపే రైలు మార్గం 1869 మే నెలలో పూర్తయింది. అదే నవంబరులో సూయజ్ కాలువ తెరిచారు. న్యూయార్క్ నుంచి కాలిఫోర్నియాకు దక్షిణ అమెరికా చుట్టూ తిరిగి ఖరీదైన సరుకు మోసే తెరచాప ఓడల పని రైలు లాగేసుకుంది. ఎర్ర సముద్రంలో గాలులు అనుకూలించవు కాబట్టి సూయజ్ తెరచాప ఓడలకు అక్కరకు రాలేదు. ఆవిరి ఓడలకు మాత్రం ఆసియా దారి ఒక్కసారిగా దగ్గరైంది. స్లోకం కెప్టెన్ అయిన ఏడాదే అతని వృత్తికి ఆయువు తగ్గడం మొదలైందన్నమాట. ఆ సంగతి అప్పుడు ఎవరికీ స్పష్టంగా తెలియదు. గోధుమలు, బొగ్గు, కలప లాంటి బరువు సరుకులకు తొందరేమీ ఉండదు. గాలికి డబ్బు కట్టక్కర్లేదు. అందుకే ఆ వ్యాపారం ఇంకో ముప్ఫై ఏళ్ళు తెరచాప ఓడల దగ్గరే చాలావరకు నిలిచింది.

కెప్టెన్ అంటే వ్యాపారి కూడా

ఓడను నడపడం కెప్టెన్ పనిలో ఒక ముక్క మాత్రమే. రేవు వదిలాక యజమానికి కబురు చేరడానికి నెలలు పట్టేది. తర్వాతి సరుకు ఎక్కడ దొరుకుతుంది, కిరాయి ఎంత అడగాలి, మరమ్మతుకు ఎవరి దగ్గర అప్పు తేవాలి అన్నవన్నీ కెప్టెనే తేల్చుకోవాలి. జీతం కాక కిరాయిలో కొంత శాతమో, ఓడలో వాటానో అతనికి దక్కేది. కాస్త డబ్బు కూడగానే వాటా కొనడం, తర్వాత సొంత ఓడ కొనడం, ఇదీ మామూలుగా అనుసరించే మెట్లదారి.

స్లోకం ఈ మెట్లు చకచకా ఎక్కాడు. 1871 జనవరి 31న సిడ్నీలో వర్జీనియా వాకర్‌ను పెళ్ళి చేసుకుని, వాషింగ్టన్ అనే ఓడలో ఆమెతో కలిసి అలాస్కాకు సాల్మన్ చేపల వేటకు వెళ్ళాడు. సముద్రపు పోటుపాట్లు విపరీతంగా ఉండే కుక్ ఇన్‌లెట్‌లో గాలివానకు లంగరు జారి ఓడ ఒడ్డెక్కి పాడైంది. అతను నావికులనూ, భార్యనూ, పట్టిన చేపల్లో చాలా భాగాన్నీ చిన్న పడవల మీద బయటికి తెచ్చాడు. ఓడ పోగొట్టిన మనిషికి యజమానులు మళ్ళీ ఓడ ఇవ్వడం వింతగా అనిపిస్తుంది. కానీ సరుకు దక్కింది, లాభం మిగిలింది. వాళ్ళు చూసుకున్నది అదే.

తర్వాత అతను నడిపిన బెంజమిన్ ఐమార్ అనే ఓడను దాని యజమాని మనీలాలో ఉన్నట్టుండి అమ్మేశాడు. పెళ్ళాం పిల్లలతో స్లోకం ఫిలిప్పీన్స్‌లో చిక్కుపడిపోయాడు. అక్కడే సుబిక్ బే ఒడ్డున అడవిలో గుడిసె వేసుకుని ఒక ఇంగ్లీషు వాడికి 150 టన్నుల ఆవిరి ఓడ చట్రం కట్టి ఇచ్చాడు. కూలి కింద 90 టన్నుల పాటో అనే స్కూనర్ (చిన్న తెరచాప ఓడ) వచ్చింది. అదే అతని మొదటి సొంత ఓడ. దాంతో రష్యా తూర్పు తీరాన ఒఖోత్స్క్ సముద్రంలో కాడ్ చేపలు పట్టి, అమెరికా తెచ్చి అమ్మాడు. పాటో అమ్మి అమెథిస్ట్ అనే పాత ఓడ కొన్నాడు, కలప మోశాడు. దాన్ని 1881లో హాంకాంగ్‌లో అమ్మేసి నార్తర్న్ లైట్‌లో మూడో వంతు వాటా తీసుకున్నాడు. ప్రతిసారీ ఉన్నదంతా అమ్మి తర్వాతి ఓడ మీద పెట్టడమే. పక్కన దాచింది ఉన్నట్టు కనిపించదు.

ఈ పద్దులో వర్జీనియాను మర్చిపోకూడదు. ఏడుగురు పిల్లల్ని ఆమె ఓడల మీదో, పరాయి రేవుల్లోనో కన్నది. నలుగురు దక్కారు. వాళ్ళకు చదువు చెప్పింది, పిస్తోలుతో సొరచేపలను కొట్టింది, అవసరమైతే మనుషుల మీదికీ గురిపెట్టింది. జీతం లేని రెండో అధికారి అనుకోవచ్చు.

నార్తర్న్ లైట్: శిఖరం మీద కోర్టు కేసు

రెండు వేల టన్నుల సరుకు మోయగల నార్తర్న్ లైట్ అప్పట్లో అమెరికా తెరచాప ఓడలన్నిటిలోనూ అందమైనదని స్లోకం గర్వంగా చెప్పుకునేవాడు. 1882లో అది న్యూయార్క్ రేవులో ఆగినప్పుడు కెప్టెన్ గదుల గురించీ, అందులోని పుస్తకాల గురించీ, కుటుంబం గురించీ పత్రికలు రాశాయి. అతని జీవితంలో అన్నీ కలిసొచ్చిన ఘట్టం ఇదొక్కటే.

ఓడ ముందు భాగంలో మాత్రం వేరే కథ నడుస్తోంది. పెద్ద తెరచాప ఓడలకు నావికులు దొరకడం అప్పటికే కష్టమైంది. రేవుల్లో పూటకూళ్ళ ఇళ్ళు నడిపే బ్రోకర్లు తాగించి, అప్పు పెట్టించి, ముందస్తు జీతం తామే నొక్కేసి మనుషుల్ని ఓడెక్కించేవారు. అలా వచ్చినవాడికి ఓడ మీద ప్రేమెందుకుంటుంది? కొరడా దెబ్బలను అమెరికా 1850లోనే నిషేధించింది. ఇక కెప్టెన్‌కు మిగిలినవి సంకెళ్ళు, తిండి కోత, తుపాకీ. న్యూయార్క్ వదిలిన కొద్దిసేపటికే చుక్కాని చెడింది. రేవుకు తిరిగి వెళ్దామని నావికులు తిరగబడ్డారు. గొడవలో మేట్ కత్తిపోట్లకు గురై చనిపోయాడు. వర్జీనియా రెండు పిస్తోళ్ళతో భర్త వెనక నిలబడింది. అంత జరిగినా అదే జట్టుతో స్లోకం యొకొహామా దాకా వెళ్ళాడు. మార్చుకుంటే డబ్బు, రోజులు రెండూ ఖర్చే మరి.

తిరుగు దారిలో దక్షిణాఫ్రికా దగ్గర మళ్ళీ చుక్కాని విరిగి, నీళ్ళు ఎక్కుతుంటే పోర్ట్ ఎలిజబెత్‌లో ఆగారు. అక్కడ హెన్రీ స్లేటర్ అనే మాజీ ఖైదీ అధికారిగా చేరాడు. ఓడలో కుట్ర చేస్తున్నాడంటూ స్లోకం అతన్ని 53 రోజులు సంకెళ్ళలో ఉంచాడు. న్యూయార్క్ చేరాక స్లేటర్ కేసు పెట్టాడు. కోర్టు కెప్టెన్‌ను దోషిగా తేల్చి 500 డాలర్ల జరిమానా వేసింది.

దీని మీద రెండు రకాల వాదనలున్నాయి. సముద్రం మధ్యలో పోలీసులుండరు, తిరుగుబాటు భయం నిజమైనప్పుడు కెప్టెన్ ఇంకేం చేస్తాడన్నది ఒకటి. బంధించే అధికారం ఉన్నంత మాత్రాన అంతకాలం అలా ఉంచడం అవసరమా అన్నది రెండోది. నాకు రెండోదే నమ్మదగినదిగా కనిపిస్తుంది. మేట్ చావు తర్వాత స్లోకం ప్రతి నీడలోనూ కుట్ర చూసి ఉండొచ్చు, కానీ సంకెళ్ళలో ఉన్నవాడికి ఆ టెన్షన్ సమాధానం కాదు. ఏదేమైనా మరమ్మతులూ కోర్టూ కలిసి అతని వాటాను తినేశాయి. అది అమ్ముకుని దిగిపోయాడు. ఆ అందమైన ఓడ తర్వాత తెరచాప కొయ్యలు నరికించుకుని బొగ్గు మోసే బల్లకట్టుగా మారింది.

అక్విడ్నెక్: అన్నీ ఒకదాని మీద ఒకటి

మిగిలిన డబ్బుతో 1884లో అక్విడ్నెక్ కొన్నాడు. 326 టన్నుల ఓడ, 1865లో కట్టింది. ఇందులో వాటాదారులెవరూ లేరు, ఓడంతా తనదే. సొంత లారీ కొనుక్కున్న డ్రైవర్ పరిస్థితి ఇలాగే ఉంటుంది: ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు, టైరు పేలితే మాత్రం డబ్బు తన జేబులోంచే తీయాలి.

మొదటి దెబ్బ ఆ డబ్బు లెక్కలకు అందనిది. 1884 జులై 25న బ్యూనస్ ఎయిరీస్ రేవులో వర్జీనియా ఓడ మీదే చనిపోయింది. ఆమె వయసు ముప్ఫై అయిదు లోపే. 1886లో అతను దగ్గరి బంధువు, 24 ఏళ్ళ హెన్రియెటాను పెళ్ళాడి, వారం తిరక్కుండానే ఓడెక్కించాడు. పాపం, ఆమెకు దక్కిన హనీమూన్ తుఫాను, ఆపై అంటురోగాలు.

ఆ ఏడాది చివర అర్జెంటీనాలో కలరా వచ్చింది. స్లోకం రొసారియోలో పశువుల మేత కట్టలు నింపుకుని బ్రెజిల్‌కు బయలుదేరాడు. 1887 జనవరిలో ఇల్యా గ్రాందే దగ్గర బ్రెజిల్ అధికారులు ఓడను అడుగు పెట్టనివ్వలేదు, తుపాకుల ఓడను చూపించి వెనక్కి పొమ్మన్నారు. వచ్చినంత దూరం వెనక్కి పోయి, రేవులు తెరిచేదాకా కూర్చుని, అదే మేతను మే నెలలో రియోలో దించాడు. నెలల తరబడి జీతాలు, తిండి, రేవు సుంకాలు ఇచ్చుకుంటూ ఒక్క కిరాయి మాత్రమే సంపాదించాడు. తర్వాత అమెరికా ప్రభుత్వం ద్వారా బ్రెజిల్‌ను పరిహారం అడిగాడు. ఏమీ రాలేదు.

జులైలో అంతొనీనా రేవులో ఉండగా రాత్రిపూట సొంత నావికులే అతని మీదికి వచ్చారు. చప్పుడు విని హెన్రియెటా లేపింది. స్లోకం ఇద్దరిని కాల్చాడు, ఒకడు చనిపోయాడు. ఆత్మరక్షణ అని బ్రెజిల్ కోర్టు వదిలేసింది. కొత్తగా చేర్చుకున్న జట్టులో మశూచి పుట్టింది. కొందరు చనిపోయారు, ఓడను శుద్ధి చేయించడానికి మరింత డబ్బు పోయింది. 1887 డిసెంబరులో కలప నింపుకుని వస్తుంటే పరనగ్వా అఖాతంలో అక్విడ్నెక్ ఇసుక మేట ఎక్కి నడుం విరగ్గొట్టుకుంది. బీమా లేదు.

ఎందుకు లేదు? పాత చెక్క ఓడలకు బీమా కంపెనీలు అడిగే ప్రీమియం ఎక్కువ. నెలల తరబడి నష్టాల్లో తిరుగుతున్నవాడికి అది కట్టడం అంత తేలిక కాదు. కంపెనీకి పది ఓడలుంటే ఒకటి మునిగినా మిగతావి ఆదుకుంటాయి. స్లోకంకు ఉన్నదే ఒకటి. అతను చెడ్డ కెప్టెనా, దురదృష్టవంతుడా అని జీవితచరిత్రల్లో వాదించుకుంటూ ఉంటారు. నన్నడిగితే, ఉన్న సొమ్మంతా ఒకే చెక్క చట్రంలో పెట్టిన ఏ కెప్టెనైనా రెండు చెడ్డ సంవత్సరాలకు తట్టుకోలేడు. ఆవిరి ఓడల కంపెనీలు గెలిచింది వేగం వల్లే కాదు, నష్టాన్ని పది చోట్ల పంచుకోగల స్తోమత వల్ల కూడా. దీనికితోడు తంతి తీగలు వచ్చాక ఎక్కడ ఏ సరుకు ఎక్కించాలో యజమాని ఆఫీసులో కూర్చునే చెప్పగలిగాడు. కెప్టెన్ వ్యాపార తెలివికి గిరాకీ తగ్గింది. మన కోరంగి రేవు పడవలకు 1839 తుఫాను, ఇసుక మేటలు కూడా తోడయ్యాయి గానీ, ఆవిరి ఓడల పోటీ అటూ ఇటూ ఒకటే.

స్లోకం నావికులకు జీతాలిచ్చి పంపేసి, ఒడ్డునే 35 అడుగుల పడవ కట్టాడు. హెన్రియెటా తెరచాపలు కుట్టింది. బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయిన 1888 మే 13నే అది నీళ్ళలో దిగింది, అందుకే స్వేచ్ఛ అనే అర్థంలో లిబర్దాద్ అని పేరు పెట్టారు. భార్య, ఇద్దరు కొడుకులతో సుమారు 5,500 మైళ్ళు దాటి అమెరికా చేరాడు. నౌకానైపుణ్యంలో ఇది స్ప్రే యాత్రకు తీసిపోదని నా అభిప్రాయం. ఆ తర్వాత హెన్రియెటా అతనితో సముద్రయానానికి మళ్ళీ వెళ్ళలేదు. ఆమెను తప్పు పట్టేవాళ్ళెవరైనా ఉంటారా?

పచ్చిక మైదానంలో పడవ

బోస్టన్‌లో పని దొరకలేదు. పెద్ద ఓడలన్నీ బొగ్గు బల్లకట్లు అయిపోయాయి. ఓడలు కట్టే యార్డులో కూలికి చేరాలన్నా ముందు 50 డాలర్లు సంఘానికి కట్టమన్నారు. 1892లో ఈబెన్ పియర్స్ అనే పాత తిమింగలాల వేట కెప్టెన్, ఫెయిర్‌హేవెన్ వస్తే ఓడ ఇస్తాను, కాస్త రిపేరు ఉంటుందన్నాడు. వెళ్ళి చూస్తే ఏడేళ్ళుగా పచ్చిక మైదానంలో ఊతకర్రల మీద నిలబెట్టిన, ముత్యపుచిప్పలు పట్టే పడవ! స్లోకం దాన్ని ముక్కముక్కగా మార్చి కొత్తగా కట్టాడు. పదమూడు నెలలు పట్టింది, సామానుకు 553 డాలర్ల 62 సెంట్లు ఖర్చయింది. మధ్యలో ఒక యుద్ధ పడవను బ్రెజిల్ చేర్చిన పనికి డబ్బు ఎగ్గొట్టారు. చేపలు పట్టి బతకబోతే అదీ కుదరలేదు. అప్పుడు బయలుదేరాడు.

ఒంటరిగా వెళ్ళినా అతను సరుకు ఓడ కెప్టెన్ పద్ధతులు మానలేదు. దక్షిణ అమెరికా కొసన ఒడ్డుకు కొట్టుకొచ్చిన పశువుల కొవ్వు పీపాలు పడవకెత్తి, కొంత హువాన్ ఫెర్నాండెజ్ దీవిలో, మిగతాది సమోవాలో సబ్బుల తయారీదారుకు అమ్మాడు. హువాన్ ఫెర్నాండెజ్ జనానికి కొవ్వులో బూరెలు వేయించడం కూడా నేర్పాడట. మెల్‌బోర్న్‌లో రేవు సుంకం ఆరు షిల్లింగుల ఆరు పెన్స్ వసూలు చేస్తే, పడవ చూడవచ్చిన ఒక్కొక్కరి దగ్గరా ఆరు పెన్స్ తీసుకున్నాడు. జనం పలచబడ్డాక ఒక సొరచేపను పట్టి, దాన్ని చూడటానికి ఇంకో ఆరు పెన్స్ పెట్టాడు. ఊళ్ళలో ఉపన్యాసాలకు టికెట్లు అమ్మాడు.

కాలం చూడటానికి అతని దగ్గరున్నది రేకు గడియారం. ఒకటిన్నర డాలరు ధర, ముఖం పగిలిందని డాలరుకే ఇచ్చారు. ఓడ ఎంత తూర్పున లేదా పడమర ఉందో తెలియాలంటే కచ్చితమైన క్రోనోమీటర్ ఉండాలి, దాని బాగుచేతకు 15 డాలర్లు అడిగారని మానేశాడు. బదులుగా పసిఫిక్‌లో చంద్రుడికీ సూర్యుడికీ మధ్య కోణాన్ని కొలిచే పాత పద్ధతి వాడాడు. మొదటి లెక్క వందల మైళ్ళు తేడా వచ్చింది. వెతికితే అచ్చు పట్టికలోనే తప్పు దొరికింది. సరిచేశాక దారిలోని దీవి కొద్ది మైళ్ళ తేడాతో అనుకున్న చోటే కనిపించింది.

1900లో యాత్ర కథ పుస్తకంగా వచ్చి బాగా అమ్ముడుపోయింది. 1902లో మార్తాస్ వినియర్డ్ దీవిలో పొలం కొన్నాడు గానీ అక్కడ నిలవలేదు. 1906లో న్యూజెర్సీలో ఒక బాలికపై అసభ్య ప్రవర్తన ఆరోపణకు అతను ఎదురు వాదించలేదు, 42 రోజులు జైల్లో ఉన్నాడు. అభిమానులు రాసే కథల్లో ఈ పేజీ తరచూ కనబడదు.

1908 నవంబరులో దక్షిణ అమెరికా వైపు స్ప్రేలో ఒంటరిగా వెళ్ళాడు, తిరిగి రాలేదు. చుక్కాని కట్టేస్తే తనంతట తానే సూటిగా సాగే పడవ అది. ప్రపంచ యాత్రలో హిందూ మహాసముద్రంలోని కీలింగ్ దీవులకు 23 రోజుల దారిలో మొత్తం మూడు గంటలకు మించి చుక్కాని పట్టలేదని అతనే రాశాడు. వెడల్పు ఎక్కువైన అలాంటి పడవ ఒక హద్దు దాటి ఒరిగితే మళ్ళీ లేవదని తర్వాతి కాలపు పడవ డిజైనర్లు కొందరు లెక్కలు కట్టారు. రాత్రిపూట ఆవిరి ఓడ గుద్దేసి ఉంటుందని కొడుకు విక్టర్ నమ్మాడు. అసలు స్లోకంకు ఈత రాదు. 1924లో కోర్టు అతను మరణించినట్టు ప్రకటించింది, పత్రంలో తేదీ మాత్రం 1909 నవంబర్ 14 అని పడింది.